పక్కచేనువాళ్ళ చీజు

మా మామయ్య పుట్టి బుద్ధెరిగాక పిజ్జా ముక్క నోట పెట్టి ఎరగరు. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం నా కూతురి ఫోను రెండు చేతులతో పళ్ళెంలా పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, ఈ క్యాప్సికానికి ఎన్ని తడులు పెట్టాల?" అని అడిగేసరికి, గరిటె అలాగే పట్టుకుని నోరు వెళ్ళబెట్టాను. మా పొలంలో మిరపకు ఎన్నిసార్లు నీళ్ళు కట్టాలో చెప్పగలను గానీ, ఫోనులో మొలిచిన మొక్క సంగతి నాకేం తెలుసు?

"మీ మనవరాలినే అడగండి మామయ్యా" అని విసుక్కున్నాను.

"అది బడికి పోయిందిగందా. ఈలోపు వడలిపోతే?"

ఆయన మొహంలో నిజమైన ఆందోళన కనిపించింది. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వినందుకు సిగ్గేసింది. ఎందుకంటే అదే సమయానికి ఊళ్ళో ఆయన సొంత చేను నీళ్ళు కట్టే దిక్కు లేక బీడు పడి ఉంది.

మాది వెల్దుర్తి వైపు ఊరు. మిరప, పత్తి, కాస్త కంది. మా పక్క పల్లెల్లో కొన్నిచోట్ల ఎన్నికలైపోయాక గెలిచిన వైపు ఊళ్ళో ఉంటుంది, ఓడిన వైపు ఊరి బయట ఉంటుంది. దీన్ని ఎవరూ ఒక విడ్డూరంగా చెప్పుకోరు, వానలు పడ్డాయి అన్నంత మామూలుగా చెప్పుకుంటారు. ఫలితాలొచ్చిన సాయంత్రం గెలిచినవాళ్ళు మా ఇంటి ముందు టపాకాయలు పేల్చారు. మావాళ్ళలో ఎవరో రాయి విసిరారు. వాళ్ళు కర్రలు తీశారు. ఎవరు ముందన్నది ఎవర్నడిగితే వాళ్ళ లెక్క. మా గడ్డివామి తగలబడింది, అవతలివాళ్ళలో ఒకతనికి తల పగిలింది, మా ఆయన పేరు కేసులోకి ఎక్కింది. ఇంటికి తాళం వేసి, పశువుల్ని మా చుట్టాలింటికి తోలేసి, దొరికిన సామాను ఆటోలో వేసుకుని నరసరావుపేట వచ్చి రెండు గదుల పోర్షన్లో దిగాం. మా వెనకే మా వైపువాళ్ళు మరికొన్ని కుటుంబాలు వచ్చాయి.

ఇక్కడ నేను ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పడానికి చేరాను. మా ఆయనకు గురజాల కోర్టు వాయిదాలు, మధ్యలో ఒక పురుగుమందుల కొట్లో పని. మా అమ్మాయి ఏడో తరగతి. కొత్త స్కూల్లో ఎవరితోనూ కలవలేదు. ఎవరైనా "మీదే ఊరు?" అని అడిగితే నేల చూపులు చూసేది. మామయ్యకు మాత్రం ఏ పనీ లేదు. పొద్దున్నే రైతుబజారుకు నడిచివెళ్ళి, టమాటాలు నొక్కి చూసి, పండించినవాడినీ అమ్మేవాడినీ కలిపి తిట్టుకుంటూ వట్టి చేతులతో వచ్చేవారు. తర్వాత మేడ మెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వీధిలో పోయే బళ్ళను తన చేలోకి పడ్డ గొడ్లను చూసినట్టు చూసేవారు. ఆయన ఊళ్ళో ఎప్పుడూ కూర్చున్న మనిషి కాదు.

ఆయన్ని ఆ కుర్చీలోంచి లేపింది మా అమ్మాయి ఆట. మా ఆయన పాత ఫోను దానికిచ్చాం. అందులో ఒక సేద్యం ఆట. కొంత నేల ఇస్తారు, దున్నుకోవాలి, విత్తుకోవాలి, నీళ్ళు పెట్టాలి. పండింది కోసి, వంటబల్ల అనే దాని మీద పెడితే ఏదో ఒక తిండి తయారవుతుంది. దాన్ని మన బొమ్మకు తినిపిస్తే ఆ బొమ్మకు సత్తువొచ్చి మళ్ళీ పని చేస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ సత్తువిచ్చే తిండి వెజిటబుల్ పిజ్జా. దానికి గోధుమ పండించి మిల్లులో పిండి పట్టించాలి. టమాటా కావాలి, క్యాప్సికం కావాలి, చీజు కావాలి. ఒక్కటి తక్కువైనా బల్ల ఎర్రగా వెలిగి ససేమిరా అంటుంది.

"గోధుమ మన నేలకు రాదే" అన్నారు మామయ్య మొదటి రోజు, మనవరాలి భుజం మీదుగా చూస్తూ.

"ఇది మన నేల కాదు తాతా. ఫోన్లో నేల."

"ఏ నేలైనా నేలేగదే. నువ్వు విత్తనం ఎంత దగ్గరగా ఏశావో చూడు. గాలాడొద్దా?"

అలా మొదలైంది. కొద్ది రోజుల్లోనే ఫోను దాని చేతుల్లోంచి ఆయన చేతుల్లోకి వెళ్ళిపోయింది. ఆయన ఆ ఆటను ఆటలా ఆడలేదు. అమావాస్య నాడు విత్తేవారు కాదు. కోతకొచ్చిందంటే మంచం దిగి, చెప్పులు వదిలి, కాళ్ళు కడుక్కుని వచ్చి అప్పుడు ఫోను ముట్టుకునేవారు. మా పక్క కళ్ళంలోకి ఎవరూ చెప్పులతో రారు. పండిన గోధుమంతా అమ్మేస్తే నాణేలొస్తాయని పిల్ల చెప్పినా వినకుండా కొంత విత్తనానికని ఆపేవారు. "షాపులో విత్తనం కొనుక్కోవచ్చు తాతా" అంటే, "కొన్న విత్తనం మొలిస్తేగదా" అని దాని నోరు మూయించారు. ఎన్ని కల్తీ విత్తనాలు చూసిన మనిషో! ఒకనాడు పచ్చిమిర్చి పండించి పిజ్జా మీద వేద్దామని వంటబల్ల మీద పెట్టారు. బల్ల ఒప్పుకోలేదు. మళ్ళీ పెట్టారు. ఒప్పుకోలేదు. "మిరపకాయ పడని తిండి ఏం తిండే? ఈ ఆట చేసినోడెవడో పథ్యం తినేవాడై ఉంటాడు" అన్నారు. మా ఇంట్లో చాలాకాలం తర్వాత అందరం ఒకేసారి నవ్వింది ఆ రోజే.

అయితే ఆయనకొక చిక్కొచ్చి పడింది. చీజు. దానికి ఆవు కావాలి. మా నేల ఆటలో ఇంకా అంత ఎదగలేదు, ఆవును ఇవ్వరు. ఆవున్న పొరుగువాళ్ళెవరైనా గట్టు మీద ఉన్న బుట్టలో చీజు పెడితే తీసుకోవచ్చు. ఆటలో మా అమ్మాయి చేను పక్కన ఒక పొరుగు ఉండేది. వాళ్ళ పేరుండాల్సిన చోట పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ ఉండేది. చీజు కావాలనుకున్నప్పుడల్లా ఆ బుట్టలో చీజు ఉండేది. పిల్ల మరిచిపోయిన రోజున మా టమాటాలకు ఆ పొరుగే నీళ్ళు పెట్టిపోయేది.

"ఎవురే ఆ పువ్వు?" అని మామయ్య అడిగితే, "స్కూల్లో ఫ్రెండు" అంది మా అమ్మాయి. ఏ స్కూల్లో అని ఆయన అడగలేదు, నేనూ అడగలేదు.

ఒక ఆదివారం నేను గోంగూర ఒలుస్తుంటే పక్కగదిలోంచి ఫోనులో ఒక గొంతు వినిపించింది. ఆటలో పొరుగువాళ్ళతో మాట్లాడుకోవడానికి ఒక బటన్ ఉంటుందట. "ఒసేయ్, బుట్టలో పెట్టా, తీసుకో. మా అమ్మ పిలుస్తంది" అంది ఆ గొంతు. గోంగూర కట్ట నా ఒళ్ళోంచి జారిపోయింది. ఆ గొంతు నాకు తెలుసు. ఆ పిల్లకు నేను ఎన్నిసార్లు జడ వేశానో లెక్కలేదు. మా ఇద్దరిళ్ళ పిల్లలూ ఒకే వ్యానులో బడికి వెళ్ళేవాళ్ళు, దాని అన్నం సగం మా ఇంట్లోనే. మా చేనూ వాళ్ళ చేనూ పక్కపక్కనే, మధ్యలో ఒకటే గట్టు. ఇప్పుడు ఊళ్ళో మాకు అవతలి వైపు నడిపిస్తున్నది ఆ పిల్ల తండ్రే.

నేను గదిలోకి వెళ్ళగానే మా అమ్మాయి బిక్కచచ్చిపోయింది. ఫోనులోంచి ఆ పిల్ల మాత్రం, "అత్తేనా? అత్తా, బాగుండావా?" అంది.

"బాగున్నానే తల్లీ. మీ నాన్నకు తెలుసా ఇది?"

"నాన్నకు తెలవదు. అమ్మకు తెలుసు. నువ్వు తాతతో చెప్పమాక అత్తా."

చెప్పనన్నాను. అలా మాటిచ్చే ముందు కనీసం ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. మా అమ్మాయి నవ్వు ఆ ఫోనులోనే ఉందని నాకు అప్పటికి అర్థమైంది. బయట ఒక్క స్నేహమూ లేని పిల్ల, ఆ గట్టు దగ్గర మాత్రం గలగలా వాగేది. నేనూ అప్పుడప్పుడు పక్కన కూర్చుని ఊరి కబుర్లు అడిగేదాన్ని. "మీ గుమ్మం ముందు పిచ్చిమొక్కలు మొలిచినయ్యి అత్తా. నేను పీకుదామంటే నాన్న చూస్తే తంతాడు" అని ఆ పిల్ల చెప్పిన రోజున స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

అసలు ఇందులో దాచాల్సినంత ఏముందని బయటివాళ్ళకు అనిపించవచ్చు. మా పక్క రెండిళ్ళకు చెడిందంటే ముందు తెగేది మాటలు కాదు, నీళ్ళు. ఎదురుపడితే తిట్టుకోవచ్చు, కోర్టు బయట ఒకే బెంచీ మీద కూర్చోవచ్చు, కానీ ఆ ఇంటి నీళ్ళు గొంతు దిగకూడదు. ఆ ఇంటి మనిషి పొలంలో భోజనానికి కూర్చుంటే ఇవతలివాళ్ళు ఆ చెట్టు కిందికి కూడా పోరు. పెళ్ళిళ్ళలో ఎవరు వండించారో కనుక్కుని విస్తరి దగ్గర కూర్చుంటారు. తెలియక నోట్లో పెట్టుకుంటే ఉమ్మేసి, నోరు పుక్కిలించి వస్తారు. దీన్ని చాదస్తమని నేను కాపరానికొచ్చిన కొత్తలో ఎగతాళి చేసేదాన్ని. అప్పుడు మామయ్య కోప్పడలేదు, "మన వెనకాల నిలబడ్డోళ్ళు మన నోరే చూస్తారమ్మాయ్" అని మాత్రం అన్నారు.

ఆ మాట ఆయన పట్ల నిజమే. ఆయన్ని నమ్ముకుని ఊరు వదిలిన కుటుంబాలు పేటలో రేకుల షెడ్లలో ఉన్నాయి. వాళ్ళలో ఒక్కరు కూడా అవతలివాళ్ళ గడప తొక్కలేదు.

పిజ్జా తయారైన సాయంత్రం బాగా గుర్తుంది. గాలి లేక ఉక్కపోస్తోంది. మామయ్య మంచం మీద మఠం వేసుకుని కూర్చున్నారు, పక్కనే మా అమ్మాయి. అప్పటిదాకా పిల్లే చేసేది. ఆ రోజు మొత్తం నేనే చేస్తానని ఆయన పట్టుపట్టారు. తాను పండించిన గోధుమ, తాను పట్టించిన పిండి, తన టమాటాలు, తన క్యాప్సికం. ఒక్కోటీ వేలితో లాగి బల్ల మీద పెట్టారు. చివరికి బుట్టలోంచి చీజు. బల్ల ఆకుపచ్చగా వెలిగి, ఏదో సంగీతం మోగి, పళ్ళెంలో గుండ్రటి పిజ్జా వచ్చింది. ఆయన దాన్ని బొమ్మకు తినిపించారు. బొమ్మ పొట్ట నిమురుకుని గెంతింది. మామయ్య మీసాల్లోంచి నవ్వు బయటికొచ్చింది.

"నా చేత్తో తిన్నట్టే ఉందే" అన్నారు. ఆ వెంటనే, "ఆ పువ్వు పిల్లకు ఒక మాట చెప్పాలిగా. ఇన్నాళ్ళు పెట్టింది. ఏదే ఆ మాట్లాడేది?" అంటూ బటన్ కోసం వెతికారు.

మా అమ్మాయి ఫోను లాక్కోబోయింది. నేను వంటింట్లోంచి పరుగున వచ్చాను. ఆయన అప్పటికే నొక్కేశారు.

"అమ్మాయ్, నువ్వు పెట్టిన చీజుతో పిజ్జా చేశానమ్మా. చల్లగా ఉండు తల్లీ. ఎవరమ్మాయివి నువ్వు?"

ఇంకెవరైనా అయితే ఏదో ఒక పేరు చెప్పి తప్పించుకునేవాళ్ళేమో. ఆ పిల్లకు అబద్ధం ఆడటం రాదు, పైగా చిన్నప్పటి నుంచీ ఆయన చంకనెక్కి తిరిగిన పిల్ల. "నేనే తాతా" అంది. ఆ గొంతులో భయమూ ఉంది, సంతోషమూ ఉంది. అన్నాళ్ళకు తాత తనతో మాట్లాడాడన్న సంతోషం.

మామయ్య ఫోనును మెల్లగా మంచం మీద పెట్టారు. లేచారు. గదిలోనే, మంచానికి బారెడు దూరంలో, చేతులు కడుక్కునే సింకు ఉంది. అక్కడికెళ్ళి కుళాయి తిప్పి, దోసిట్లో నీళ్ళు పట్టి నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మేశారు. మళ్ళీ పట్టారు, మళ్ళీ పుక్కిలించారు. ఖాండ్రించి ఉమ్మారు. గెంతుతున్న బొమ్మ తిన్న పిజ్జాకు, ఆ పెద్దాయన తన నోరు కడుక్కున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మామయ్యా, ఏం పని ఇది? బొమ్మ తిన్నది బొమ్మ తిండి. మీ నోట్లో ఏం పడిందని?"

"తిండి తిండే. చేసింది నేను. ఆనందంగా తినిపించింది నేను. దీవించా కూడా." ఆయన తువ్వాలుతో మూతి తుడుచుకున్నారు. "ఆ రేకుల షెడ్లోళ్ళకు నేనేం చెప్పను? మిమ్మల్ని ఎండలో పెట్టి నేను ఆ ఇంటి చీజుతో వంట చేసుకుంటన్నా అని చెప్పనా?"

"వాళ్ళెవరికీ తెలియదుగా!"

"నాకు తెలుసుగా" అన్నారు.

ఆయన మూర్ఖుడైతే నా పని తేలికయ్యేది. ఆయన మూర్ఖుడు కాదు.

తర్వాత ఆయన మనవరాలి పక్కన కూర్చుని, ఆ పొరుగును తీసెయ్యమన్నారు. అరవలేదు, తిట్టలేదు. అరిచి ఉంటే అది ఎదురు తిరిగేదేమో. అది నా వంక చూసింది. అంతలో మా ఆయన పని నుంచి వచ్చి, సంగతి విని, "తీసెయ్యనీవే. రాజీ మాటలు నడస్తన్నయ్యి. ఇదొకటి బయటికొస్తే వాళ్ళ పిల్లను మనం వలేశామంటారు, ఆ పిల్లను వాళ్ళు చావబాదుతారు" అన్నాడు. ఆ చివరి మాటకు నేను కూడా నోరు మూసుకున్నాను. మా అమ్మాయి తన వేలితో తనే నొక్కింది. పొద్దుతిరుగుడు పువ్వు పోయి, ఆ చోట ఖాళీ నేల కనిపించింది.

ఆ తర్వాత మా ఇల్లు ఇల్లులా లేదు. పిల్ల ఏడ్చి గోల చేసి ఉంటే ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెట్టేదాన్ని. అది ఏడవలేదు. తాత పిలిస్తే పలికేది, మంచినీళ్ళు అడిగితే తెచ్చిచ్చేది, పక్కన మాత్రం కూర్చునేది కాదు. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతూ ఉండేది. ముద్ద చేసి పెట్టబోతే మొహం పక్కకు తిప్పుకునేది. మామయ్య ఫోను జోలికి మళ్ళీ పోలేదు. ప్లాస్టిక్ కుర్చీలోకి తిరిగి వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకు ఆగలేక, ఆయన బజారుకు వెళ్ళిన సమయం చూసి, "నువ్వు మళ్ళీ దాన్ని చేర్చుకోవే. నేను చూసుకుంటా" అని పిల్లతో గుసగుసగా అన్నాను.

"తర్వాత రోజే రిక్వెస్ట్ పంపానమ్మా" అంది. "అది తీసుకోలేదు. మళ్ళీ పంపా. తీసుకోలేదు."

వాళ్ళ నాన్నకు తెలిసిపోయి ఉంటుంది, ఫోను లాక్కుని ఉంటాడు అనుకున్నాను. పిల్లకూ అదే చెప్పాను. ఆ పిల్ల ఒంటి మీద ఎన్ని దెబ్బలు పడ్డాయో అని తలుచుకుంటే నాకు అన్నం సయించేది కాదు. ఆ తల్లి, వరసకు నాకు వదిన, ఆమెకు ఫోను చేయాలని నంబరు దాకా వెళ్ళి ఆగిపోయేదాన్ని. పెద్దవాళ్ళ గొడవ ఎలాగైనా తెమిలితే చాలు, పిల్లలు వాళ్ళంతట వాళ్ళే కలుస్తారు, అదొక్కటే ఆశ. ఆ ఆశతోనే మా ఆయన్ని రాజీకి ఒప్పుకోమని పోరు పెట్టాను. మామయ్యతో కూడా మొదటిసారి మొహం మీదే అన్నాను: "మీకు ఊరు కావాలి, నా కూతురికి దాని నేస్తం కావాలి. మీసం సంగతి తర్వాత చూసుకుందురు గాని."

ఆయన ఒంటికాలి మీద లేస్తారనుకున్నాను. లేవలేదు. "అది అన్నం తింటం లేదు గదా" అన్నారు.

నిజానికి రెండు వైపులా అలిసిపోయారు. కేసులు వాళ్ళ మీదా ఉన్నాయి, మా మీదా ఉన్నాయి. ఒక రైసుమిల్లు ఆవరణలో పెద్దమనుషులు కూర్చోబెట్టారు. మాటలు పెరిగి రెండుసార్లు లేచిపోయారట, మళ్ళీ కూర్చున్నారట. షెడ్లలో ఉన్నవాళ్ళందరూ ముందు ఇళ్ళకు చేరితేగానీ తాను కదలనని మామయ్య పట్టుబట్టారట. దానికి వాళ్ళు ఒప్పుకున్నారు. కేసులు వెనక్కి తీసుకునేట్టు, మా చేలు మేం దున్నుకునేట్టు, ఆ మాట నిలబడ్డ గుర్తుగా మేం ఇంటిల్లిపాదీ ఊరికి వెళ్ళి మొదటి భోజనం వాళ్ళింట్లో చేసేట్టు కుదిరింది. తెగింది నీళ్ళ దగ్గర గనక, అతుక్కోవాల్సిందీ నీళ్ళ దగ్గరే.

భోజనానికి వెళ్ళే రోజు మా అమ్మాయి తనంతట తానే తలస్నానం చేసింది. నేనడగకుండానే టిఫిన్ తింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, "అది పొడుగైందంటావా అమ్మా?" అని అడిగింది. దాని మొహంలో ఆ వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో. మామయ్య ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, "మళ్ళీ ఆ పువ్వును చేర్చుకోండే ఇద్దరూ. ఈసారి చీజు బుట్టెడు అడుగుదాం" అన్నారు. అది చాలారోజుల తర్వాత తాత వంక చూసి నవ్వింది.

వాళ్ళింటి వసారాలో బారుగా విస్తళ్ళు వేశారు. మా వైపువాళ్ళు, వాళ్ళ వైపువాళ్ళు కలిసి కూర్చున్నారు. ఒకరి భుజం ఒకరికి తగలకుండా అందరూ బిగదీసుకుని కూర్చున్నా, కూర్చున్నారు. వదిన నన్ను చూడగానే చేయి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది. "పిల్లను కొట్టాడా మా అన్నయ్య?" అని అడిగాను. ఆమె ఆశ్చర్యపోయింది. "ఎందుకు కొడతాడు? ఆయనకసలు తెలవదే. అదే ఆ ఆట మానేసింది. ఎందుకే అంటే చెప్పదు" అంది.

అప్పటికీ నాకు వెలగలేదు. నెయ్యి గిన్నె పట్టుకుని వసారాలోకి వచ్చాను. నా ముందే ఆ పిల్ల నీళ్ళ జగ్గుతో వెళుతోంది. నిజంగానే పొడుగైంది. ఒక్కో విస్తరి దగ్గర వంగి గ్లాసులో నీళ్ళు పోస్తోంది. మామయ్య విస్తరి దగ్గరికి వచ్చేసరికి ఆయన మొహం విప్పారింది. వసారా మొత్తం ఆయన వైపే చూస్తోంది. ఆయన చేయి చాపి గ్లాసు అందుకుని, అందరూ చూస్తుండగా గటగటా తాగారు. ఎవరో "అదీ" అన్నారు. ఆ పిల్ల తండ్రి కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ పిల్ల మాత్రం పక్క విస్తరికి జరగలేదు. గోడ పక్కన ముందే పెట్టుకున్న ఇత్తడి చెంబు ఒకటి తెచ్చి, నిండా నీళ్ళతో, ఆయన విస్తరి పక్కన జాగ్రత్తగా పెట్టింది.

"ఇదెందుకమ్మా?" అన్నారు మామయ్య నవ్వుతూ.

"తిన్నాక పుక్కిలించడానికి తాతా" అంది. ఆయనకూ, వెనకున్న నాకూ, పక్క విస్తరి ముందున్న మా అమ్మాయికీ తప్ప ఎవరికీ వినపడనంత మెల్లగా అంది. "ఆ రోజు మైకు ఆపలేదు నువ్వు. నాకు వినపడింది."

దాని గొంతులో కోపం లేదు. ఇంటికొచ్చిన పెద్దాయనకు ఏది అవసరమో కనుక్కుని అమర్చినట్టే అంది. బారు చివర్నుంచి దాని తండ్రి ఆ చెంబు చూసి, "మా పిల్ల పెద్దాయనకు మర్యాద బాగా చేస్తంది" అని సంబరపడ్డాడు. అందరూ నవ్వారు. మామయ్య చేతిలో కలిపిన ముద్ద అలాగే ఉండిపోయింది. అందరూ చూస్తున్నారు గనక నోట్లో పెట్టుకున్నారు. అది మింగడానికి ఆయనకు ఎంతసేపు పట్టిందో నేను చూశాను.

ఆ పిల్ల పక్క విస్తరికి జరిగింది. మా అమ్మాయి తల ఎత్తి, "ఒసేయ్" అంది, ఊపిరి ఆడనట్టు. ఆ పిల్ల పలకలేదు. వంగి దాని గ్లాసు నిండా నీళ్ళు పోసి, తర్వాతి విస్తరి దగ్గరికి వెళ్ళిపోయింది.